లిడియా అడిగే మొదటి మాట

మంథని బస్టాండుకు ఎదురుగా లిడియా కొట్టు ఉంది. ఒక జిరాక్సు మిషను, మూడు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు చర్చివాళ్లు ఇచ్చిన క్యాలెండరు. అంతే ఆ వైభోగం. విమానం టికెట్ల దుకాణాలు ఊళ్లో ఇంకా రెండున్నాయి. వాటికి అద్దాల తలుపులున్నాయి, లోపల చల్లగా ఉంటుంది. అయినా గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఇంటికి రావాలంటే అవ్వలూ బాపులూ బస్సు దిగి నేరుగా ఈ కొట్టు మెట్లే ఎక్కుతారు. మిగతా దుకాణాల్లో "ఏ తారీఖు?" అని అడుగుతారు. లిడియా మాత్రం ముందుగా "ఎందుకు వస్తుండు?" అని అడుగుతుంది.

కొత్తవాళ్లు ఆ ప్రశ్నకు మొహం చిట్లిస్తారు. మా ఇంటి సంగతి ఈమెకెందుకని వాళ్ల బాధ. పొలం పనికి వచ్చేవాడు నాలుగు రోజులు అటూ ఇటూ అయినా నష్టం లేదు, చెల్లెలి పెళ్లికి వచ్చేవాడు ఒక్క రోజు ఆలస్యమైనా వచ్చి లాభం లేదు. ఆ తేడా తెలియకుండా టికెట్ కొట్టడం ఆమెకు చేతకాదు.

నిరుడు కూతురు మహిమ కరీంనగర్ కాలేజీ నుంచి వచ్చినప్పుడు అమ్మ ఫోనులో ఏఐ యాప్ ఒకటి వేసిచ్చింది. పదో తరగతి దాటని లిడియా దానితో పక్కింటావిడతో మాట్లాడినట్టు తెలుగులోనే మాట్లాడుతుంది. పొద్దున షట్టరు ఎత్తగానే ఏ విమానం ధర పెరిగింది, ఏది తగ్గింది, ఇప్పుడు కొనాలా ఆగాలా అని దాన్ని నిలదీస్తుంది. అది చెప్పింది చాలాసార్లు నిజమే అయింది.

కార్తీక మాసంలో ఒకరోజు పక్క పల్లె నుంచి కిష్టవ్వ వచ్చింది. ఆమె కొడుకు కొండల్ మస్కట్‌లో సెంట్రింగు పని చేస్తాడు.

"ఎందుకు వస్తుండు కిష్టవ్వా?"

"మేడారం జాతరకు బిడ్డా, సంక్రాంతి ఎల్లినంక. మనుమడు పుడితే ఎత్తు బంగారం ఇస్తనని సమ్మక్కకు మొక్కిన. పిలగాడు పుట్టిండు, నడుస్తుండు, ఉరుకుతుండు. తండ్రి ఒక్కపారి ఎత్తుకోలే."

మేడారం తల్లులకు ఇచ్చే బంగారమంటే బెల్లమే. మనిషి ఎంత తూగితే అంత బెల్లం ఇచ్చుకుంటారు. కోడలు ప్రవళికకు అయిదో నెలప్పుడు వెళ్లిన కొండల్, కొడుకును ఇప్పటిదాకా ఫోనులో చూడటమే.

"రేటు ఎక్కువుంటే వచ్చే జాతరకు వస్త అంటుండు. గదంటే రెండేండ్లాయె! అప్పటికి పోరడు బడికి పోతడు, నాయినను ముట్టకుంటనే." కిష్టవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

లిడియా ఫోనును అడిగింది. "డిసెంబరు చివరి దాకా ఆగండి. జనవరి నెలాఖరులో ఈ దారిలో ధరలు తగ్గుతాయి" అంది అది, ఎంతో నమ్మకంగా.

'నెల ఆగి రా అవ్వా' అనబోయింది లిడియా. అప్పుడే పెద్దపల్లి బస్సు దిగిన బుచ్చిరాములు కొట్టు ముందు నుంచి మొహం తిప్పుకుని పోయాడు. పోయిన జాతరప్పుడు అతని కొడుకును ఆగమని చెప్పింది ఆమే. ధరలు చేతికందకుండా పోయాయి, పిల్లవాడు అక్కడే ఉండిపోయాడు. అప్పటి నుంచి బుచ్చిరాములు ఈ మెట్లు ఎక్కలేదు. ఆ సిగ్గు ఆమెకు ఇంకా ఆరలేదు.

"జర ఆగు," అంది ఫోనుతో. "నువ్వు నిరుటి రేట్లు చూసి చెప్తున్నవా?"

"అవునండీ, గత జనవరి ధరలు చూశాను."

"గదే నువ్వు చేసిన తప్పు. నిరుడు జాతర లే, గీయేడు ఉన్నది. గల్ఫ్‌ల ఉన్న మా దిక్కోళ్లంత ఒక్కపారి బయలెల్తరు."

"మీరు చెప్పింది ముఖ్యమైన విషయం. నేను జాతరను లెక్కలోకి తీసుకోలేదు. రెండేళ్ల కిందటి జాతరప్పుడు ధరలు బాగా పెరిగాయి. ఇప్పుడే కొనడం మేలు. అయితే కచ్చితంగా చెప్పలేను."

"కచ్చితంగ నేను చెప్త తియ్యి," అంది లిడియా.

కానీ ఇంకో చిక్కుంది. కొండల్‌కు కంపెనీ ఇంకా సెలవు కాగితం ఇవ్వలేదు. టికెట్ కొన్నాక సెలవు దొరక్కపోతే డబ్బు నీళ్లపాలు. చిన్న రుసుముతో తేదీ మార్చుకోవడానికి వీలున్న టికెట్లే వెతకమని లిడియా ఫోనుకు పని పెట్టింది. అది చూపించడం, ఈమె షరతులు చదివి కాదనడం, సాయంత్రం దాకా అదే పని. తెప్పించుకున్న చాయ్ మీద మీగడ కట్టింది. చివరికి ఒకటి దొరికింది.

"బొంబాయిల ఆరు గంటలు కూసోవాలె అవ్వా."

"ఆరు దినాలైనా కూసుంటడు. కొట్టు బిడ్డా!"

డిసెంబరులో సెలవు వచ్చింది, తేదీ రెండు రోజులు జరిగింది, టికెట్ కూడా జరిగింది. జనవరిలో ధరలు రెండింతలు దాటాయి. ధర తగ్గుతుందని ఆగి వచ్చిన ముగ్గురిని లిడియా ఉత్త చేతులతో పంపించాల్సి వచ్చింది. తన అంచనా నిజమైందన్న సంతోషం ఆ రోజు ఆమెకు రవ్వంత కూడా లేదు.

జాతరకు పోయే ముందు రోజు, కిష్టవ్వ ఆమెను బెల్లం దుకాణానికి లాక్కుపోయింది. తూకం పళ్లెంలో పిల్లవాణ్ని కూర్చోబెట్టబోతే దుకాణం ఎగిరిపోయేలా ఏడ్చాడు. ఇన్నాళ్లూ ఫోనులో విన్న గొంతు మనిషై వచ్చింది కదా, ఆ నాయిన మెడ వదలనంటే వదలనన్నాడు. ఎంత బతిమాలినా చేతులు విడిపించలేక, కొండల్ తనే కొడుకుతో సహా కాటాలో కూర్చున్నాడు.

"ఇద్దరి ఎత్తు తూకమెయ్యి. ఇద్దరూ తల్లి ఇచ్చినోళ్లే," అంది కిష్టవ్వ.

తూకం అయ్యాక ఆమె చిన్న బెల్లం ముద్ద ఒకటి తెచ్చి లిడియా చేతిలో పెట్టింది. లిడియా వెనక్కి తగ్గింది. దేవతలకు పెట్టింది, చర్చికి పోయే లిడియా ఇంట్లో తినరు. ఆ మాట ఎలా చెప్పాలా అని ఆమె తడబడుతుంటే కిష్టవ్వ చెయ్యి వదల్లేదు.

"ఇది మొక్కుది కాదు బిడ్డా. బంగారం తూకమెయ్యకముందే, నీ కోసమని వేరే కొన్న. మా జాతర నువ్వు యాది పెట్టుకున్నవు, నీ నియమం నేను మరుస్తనా?"

లిడియా ముద్ద కొరికి, అందరి ముందూ అక్కడే నిలబడి తిన్నది.