ఐప్పసి వానలో చూసిన ఇల్లు

మొన్న ఆదివారం మా అమ్మాయి నన్ను మా ఊరి వైట్ టౌన్‌లో ఒక బ్యాంకు వాళ్ళు పెట్టిన మీటింగుకు లాక్కెళ్ళింది. ఇల్లు కొనాలనుకునేవాళ్ళు ఎలా సిద్ధపడాలో చెబుతారట. ఏసీ హాలు, కాఫీ, బిస్కెట్లు. మైకు పట్టుకున్న కుర్రాడు మాటకు ముందొకసారి వెనకొకసారి ‘కాన్ఫిడెన్స్’ అంటున్నాడు. తొందరపడకండి, అన్నీ విచారించండి, అప్పుడే ధైర్యంగా కొనగలరు అని అతను చెబుతుంటే మా అమ్మాయి బుద్ధిగా తలూపుతోంది. నాకు మా నాయన గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

తాతల నాడు పొలాలున్న కుటుంబమే మాది. పంపకాలయ్యాక నాయన వాటాకు మిగిలింది గుమాస్తా ఉద్యోగమొక్కటేనని అమ్మ ఎగతాళి చేసేది. టౌన్లో ఓనరమ్మ ఇంటి వెనక పోర్షన్లో ఉండేవాళ్ళం. చీకటి పడితే రోలు మోగకూడదు, ఆవిడ నీళ్ళు పట్టుకున్నాకే మాకు కుళాయి. ఎవరినీ అడగక్కర్లేని ఇంట్లో బతకాలని అమ్మకు ఒకటే కోరిక. నాయనకూ అదే కోరిక, కానీ ఆయనకు ప్రతి ఇంటినీ మూడుసార్లు చూడాలి. నడివేసవిలో మిట్టమధ్యాహ్నం వెళ్ళి ఎంత ఉడుకుతుందో చూడాలి. ఒకరోజు పరగడుపున బావినీళ్ళు తాగాలి. దీపావళి నాటి ఐప్పసి నెల వానల్లో వెళ్ళి నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో చూడాలి. మాది సముద్రం పక్క ఊరు కాబట్టి చాలా ఇళ్ళు ఉప్పునీళ్ళ దగ్గరే తప్పేవి. మొహం ముడుచుకుని ఆయన వాకిట్లోకి రాగానే అమ్మ ఏమీ అడక్కుండా కాఫీ కలిపేది.

ఊరి బయట అరియాంకుప్పంలో ఒక పెంకుటిల్లు మాత్రం ఎండకూ నీళ్ళకూ నిలబడింది. వెడల్పాటి అరుగు, పెరట్లో రెండు కొబ్బరిచెట్లు. అక్కడ ఒంటరిగా ఉంటున్న అవ్వ కూతురి దగ్గరికి వెళ్ళిపోవాలని అమ్మేస్తోంది. అమ్మ బావినీళ్ళు తాగి, దోసిలి పట్టి మళ్ళీ తాగింది. పొయ్యి ఎక్కడ పెట్టాలో, ఎవరు ఎక్కడ పడుకోవాలో అప్పుడే తేల్చేసింది. అవ్వకూ అమ్మ నచ్చింది.

“మీకే ఇస్తాను, తాంబూలం మార్చుకుందాం” అంది అవ్వ.

“ఐప్పసి రానీ అవ్వా. వాన చూసినాక చెప్తాను” అన్నాడు నాయన.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ మెల్లగా అంది. “తాంబూలం మార్చుకోని వాన చూడకూడదా?”

“మాటిచ్చినాక చూసేది యాడుంది? కొంటే ధైర్యంగా కొనాల.”

ఐప్పసి వచ్చింది, వానా వచ్చింది. గొడుగు పట్టుకుని నేనూ నాయన వెంట వెళ్ళాను. బస్సు కోసం తడుస్తున్నవాళ్ళు నలుగురైదుగురు ఆ అరుగు మీద తలదాచుకుని ఉన్నారు. నాయన పంచె ఎగగట్టి ఇల్లంతా చుట్టి, పెరట్లో బురద తొక్కి, పెళ్ళికొడుకు మొహంతో తిరిగొచ్చాడు. ఇంట్లో నాలుగు మాటలు కూడా మాట్లాడని మనిషికి ఆరోజు నోరు ఆగలేదు.

“చూడండి సామీ, ఇంత వానకి పెరట్లో చుక్క నిలబడలా! గోడకి చెమ్మ లేదు! ఇంక నీళ్ళంటారా, కలకండే!”

అక్కడున్న బియ్యం వ్యాపారి ఒకాయన శ్రద్ధగా విని, ఇల్లు ఎవరిదని అడిగాడు. అవ్వ లోపలుందనీ, అమ్మేసి కూతురి దగ్గరికి పోతుందనీ నాయనే చెప్పాడు. తను మాత్రం అవ్వతో ఒక్క మాట అనకుండా బయల్దేరాడు. ఒట్టిచేతులతో మాట చెప్పకూడదట, శుక్రవారం అమ్మను తీసుకుని పళ్ళెంతో రావాలట.

శుక్రవారం అమ్మ పట్టుచీర కట్టుకుంది. మమ్మల్ని చూసి అవ్వ తల దించుకుంది.

“నిన్ననే తాంబూలం మార్చుకుంటిమే అమ్మా. మీ ఆయన అరుగు మీద చెప్పిందంతా విని ఆ బియ్యం సెట్టి ఇంకేమీ చూడకనే ఒప్పుకునె. మీకు నచ్చిందని నాకొక్క మాట చెప్పుంటే ఏంది?”

అమ్మ కాసేపు అరుగు మీద కూర్చుంది. ఇంటికి వెనక్కి తీసుకెళ్ళకూడదని తమలపాకులూ పళ్ళూ ఆ అవ్వ చేతిలోనే పెట్టింది. ఆ తర్వాత నాయన ఎన్ని ఇళ్ళు చూసినా అమ్మ వెంట వెళ్ళలేదు. “మీరే చూసొచ్చి చెప్పండి” అనేది, కోపం లేకుండానే. కోప్పడి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది నాకు.

అమ్మ ఆ పోర్షన్లోనే పోయింది. వాకిట్లో షామియానా వెయ్యడానికి ఆరోజు కూడా ఓనరమ్మను అడగాల్సి వచ్చింది. నాయనే వెళ్ళి అడిగాడు.

ఏడాది తిరక్కుండానే ఆయన కాలాపేట వైపు ఒక చిన్న ఇల్లు కొన్నాడు. ఒక్కసారే వెళ్ళాడు, అక్కడే తాంబూలం మార్చుకుని వచ్చాడు. నేను నమ్మలేకపోయాను.

“ఇంత బిన్నా, ఒక్క చూపుకే, ధైర్యం యాట్నుంచి వచ్చె నాయనా?”

“ఇంక తప్పయితే ఎవురికి కష్టం పాపా? నాకొక్కడికే కదా” అన్నాడు.

నాయన భయమంతా అమ్మ కోసమేనని ఆమెకూ తెలిసే ఉంటుంది. కాలం ఆయనకు ధైర్యం ఇవ్వకపోలేదు. ఎవరి కోసం ఆయన అన్నేళ్ళు దాన్ని వెతుక్కున్నాడో, ఆ మనిషిని మాత్రం అందాకా ఉండనివ్వలేదు.