పాటకు ముందు నా గొంతు

దేవరకొండ బస్సులో నా పక్కన కూర్చున్న యువకుడు ముందు సీటు కడ్డీ మీద వేళ్లతో దరువేస్తూ ఏదో గొణుగుతున్నాడు. ఏమిటని అడిగితే, ర్యాప్ పాటలన్నాడు. తొలి ఆల్బం సొంతంగా తెస్తున్నాడట. మా వైపు తవ్వి వదిలేసిన కాలువ మీద, ఓట్లప్పుడు మాత్రమే దాని గట్టెక్కే నాయకుల మీద కట్టిన పాటలు.

మా చేను కూడా ఆ కాలువ కిందే ఉంది. దాని గురించి నేను ఏ మీటింగులోనూ నోరు విప్పింది లేదు. అయినా నవ్వుతూ అన్నాను.

“సర్కారును తిట్టి పాడితే కాలువల నీళ్లొస్తయా, బిడ్డా?”

వెనక సీటువాళ్లూ నవ్వారు. అతను కోపం తెచ్చుకోలేదు. ఫోను తీసి నా నోటి ముందు పెట్టాడు.

“కాకా, గా మాట జర ఇంకోసారి అను. అందరు నన్ను అడిగేది గదే. నా ఆల్బం దాంతోనే మొదలువెడత.”

“పెట్టుకో, నాకేం ఫికర్” అని ఈసారి మరింత గట్టిగా అన్నాను.

కొన్ని నెలలకు మా అబ్బాయి ఫోనులో ఒక పాట పెట్టి, “బాపూ, గిది నీ గొంతే గద!” అన్నాడు.

నా ప్రశ్నే. నా నవ్వు కూడా తీసేయలేదు. వెంటనే దరువు, ఆ పైన అతని గొంతు.

“మరి నోరు మూసుకుంటే వచ్చినయా, కాకా?”

మావాడు పడీపడీ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

కాలువలో నీళ్లింకా రాలేదు. మొన్న గ్రామసభలో దాని సంగతి అడగడానికి మొదట లేచింది నేనే. బస్సులో ఆ పిల్లవాణ్ని ఎగతాళి చేసినప్పుడు వణకని గొంతు అప్పుడు వణికింది. అయినా అడిగాను. కూర్చునేసరికి నా వెనక ఇంకెవరో లేచారు.