గుర్రం వీపు మీద పలకపొడి

తామర నెత్తిలోకి పాకితే జుట్టు ఊడిపోతుంది. ఊడిన చోట మళ్లీ రాకపోవచ్చు కూడా. మా పాప గోపిక మెడ వెనక, వెంట్రుకలు మొదలయ్యే చోటికి వేలెడు దూరంలో గుండ్రటి ఎర్ర మచ్చ కనబడిన సాయంత్రం నా బుర్రలో తిరిగింది ఇదొక్కటే. పాపకు అప్పటికి మూడేళ్లు నిండలేదు.

జంతుశాస్త్రం చదివి, జూనియర్ కాలేజీలో అదే పాఠం చెబుతున్నాను కాబట్టి రెండో భయం కూడా వెంటనే పట్టుకుంది. అంచు ఉబ్బి, నడుమ పొట్టు రాలే ఈ మచ్చ మనుషుల నుంచే రావాలని లేదు, జంతువుల నుంచీ రావచ్చు. మా ఇంట్లో కుక్కా లేదు, పిల్లీ లేదు. కానీ ఆ మధ్య మా అత్త పాపను నాగేంద్రమ్మ గుర్రం ఎక్కించి తెచ్చింది.

మార్కాపురంలో మా వీధి వెనకే నాగేంద్రమ్మ దొడ్డి. పిల్లలు నిద్రలో ఉలిక్కిపడి ఏడిస్తే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు అక్కడికి తీసుకెళతారు. ఆమె తన తెల్ల ఆడగుర్రం మీద కూర్చోబెట్టి దొడ్డంతా తిప్పుతుంది. పిల్లలు దాని మెడ కరుచుకుని కూర్చుంటారు. దడుపు పోతుందని నమ్మకం. ఆమె అందుకు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోదు.

నాగేంద్రమ్మకు అరవై దగ్గర పడ్డాయి. గిద్దలూరు పక్క పల్లెలో గొర్రెలు మేపుకునే ఇంట పుట్టింది. భర్త శివనాగరాజు మార్కాపురం రోడ్డు స్టేషన్ నుంచి ఊళ్లోకి జట్కా తోలేవాడు. ఆటోలు పెరిగాక జట్కా ఎక్కేవాళ్లు లేకపోయారు. ఆయన బండి అమ్మేసి, ఇంకో గుర్రాన్ని కూడా కొని, రెంటినీ పెళ్లి ఊరేగింపులకు తిప్పాడు. ఆయన పోయాక, ఆడమనిషికి గుర్రాలెందుకు అన్నవాళ్లకి ఆమె జవాబు ఒకటే: "మీకు రెండు కాళ్లే. నాకు మా రెంటితో కలిపి పది. ఎవరు ముందు పోతారో చూస్తాం." ఆ రెండిట్లో తెల్లదాని పేరు వెండి. గోధుమరంగు మగగుర్రం చిన్నోడు.

ఆ సాయంత్రమే నేను దొడ్డికి వెళ్లేసరికి ఆమె వెండి వీపు మీద గుడ్డతో బూడిదరంగు పొడి అద్దుతోంది. పలకలు కోసే షెడ్ల దగ్గర కుప్పలుగా పడి ఉండే మెత్తటి పొడి అది. డబ్బా ఆమె కాళ్ల దగ్గర ఉంది.

"ఏమ్మా టీచరమ్మా, పాప మళ్లీ ఉలిక్కిపడిందా ఏంది?"

"ఈసారి ఉలిక్కిపడింది నేను, పిన్నమ్మా. వెండికి ఒంటి మీద ఏమన్నా ఉందా?"

"దానికేమి? పెళ్లికూతురు మాదిరుంది. రేపు పొదిలిలో ఊరేగింపు. అందుకే పౌడరు పూస్తాండా."

"తుడిచి చూపించు."

నా గొంతులో ఏం వినబడిందో, ఆమె నవ్వు ఆపింది. బకెట్లో గుడ్డ తడిపి వీపు మీద ఒక్కసారి లాగింది. పొడి పోయింది. దాని కింద వెంట్రుకలు మొదలంటా తెగిపోయి, పొట్టు లేస్తున్న గుండ్రటి మచ్చలు. జీను పడే చోట కొన్ని, కడుపు కింద పట్టీ ఒరిసే చోట కొన్ని. మెడ మీద, సరిగ్గా పిల్లలు చెంప ఆనించే చోట, మూడు నాలుగు కలిసిపోయి అరచేయంత అయ్యాయి.

"వానకు నానినాయిలే అనుకున్నా," అంది నెమ్మదిగా. "చెమటకు తోలు ఒరుసుకుంటే ఆయన పలకపొడే చల్లేవాడు. ఆరిపోయేది. పెళ్లోళ్లకు కూడా కనపడదు గదా అని..."

చెమట వరకూ శివనాగరాజు పద్ధతి పనిచేసే ఉంటుంది. ఇది చెమట పుండు కాదు. పైన పొడి, దాని మీద జిగేలుమనే వెల్వెట్ గుడ్డ, ఆ పైన జీను. కింద తామర బూజుకు కావలసిన చీకటి, తేమ, వెచ్చదనం.

"చిన్నోడికి కూడా ఈ గుడ్డే వాడుతున్నావా?"

ఆమె చిన్నోడి దగ్గరికి నడిచి, వాడి పక్కటెముకల మీద చెయ్యి పెట్టి, గరుకు తగిలి ఆగిపోయింది. తర్వాత తన రవిక చెయ్యి పైకి లాగి నాకు చూపింది. మోచేతి పైన అదే ఎర్రటి గుండ్రం.

"దోమనుకున్నా," అంది.

ఆ తర్వాత ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు. ఈ మధ్య వెండి ఎక్కిన పిల్లల పేర్లు ఒక్కొక్కటే తలుచుకుంటోంది.

మర్నాడు ఉదయం పశువుల ఆస్పత్రి డాక్టరు వచ్చి మచ్చల అంచున పొట్టు గీకి తీసుకున్నాడు. చూడగానే తామర అనే అన్నాడు. మందు కలిపిన నీళ్లతో కడగాలి, పొట్టును గట్టిగా రుద్ది రేపకూడదు, ఏ గుర్రం బ్రష్షూ గుడ్డా దానికే ఉండాలి, ముట్టుకునేవాళ్లు చేతికి తొడుగులు వేసుకోవాలి. కొయ్యలో, గుడ్డలో ఈ బూజు నెలల తరబడి బతికే ఉంటుందని చెప్పి, జీనును కూడా మందు నీళ్లతో కడగమన్నాడు.

గుర్రం రాదని ఆమె రాత్రే పెళ్లివాళ్లకు కబురు పెట్టింది. అప్పుడే పొదిలి నుంచి ఫోన్. పెళ్లికొడుకు మేనమామ రంగనాయకులు. ఆయన అరుపు నాక్కూడా వినబడింది.

"గుర్రం రాదంటే ఏంది? మా పిల్లోడు ఏమెక్కాల, గాడిదనా?"

"కారెక్కమను నాయనా. దిగినాక గోక్కునే పని ఉండదు."

"మాటిచ్చినావు గదమ్మా! ఇంకెవరు పిలుస్తారు నిన్ను?"

"పిలవొద్దులే. నీ ఇంట్లో పిలకాయలుంటారు గదా, దీన్ని వాళ్ల దగ్గరికి తీసుకరాను, అంతే." ఫోన్ పెట్టేసింది.

ఆ పూటే గుడ్డలు, వెల్వెట్, పొడి అద్దే పీలికలు అన్నీ దొడ్డి మూల పోసి తగలబెట్టింది. జీనును మందు నీళ్లతో కడిగి ఎండలో బోర్లించింది. తర్వాత ఇల్లిల్లూ తిరిగింది. నేనూ వెంట వెళ్లాను. కొందరు పిల్లల చొక్కాలు విప్పి చూపించారు. శ్రీశైలమ్మ అనే ఆమె మనవడికి అప్పటికే నడినెత్తిన వెంట్రుకలు రాలి చర్మం కనబడుతోంది. ఆవిడ మమ్మల్ని లోపలికి రానివ్వలేదు.

"దడుపు తీస్తానని రోగం అంటగడ్తివి గదే," అని తలుపు వేసేసింది.

"ఆమె అన్నదాంట్లో తప్పేముంది," అంది నాగేంద్రమ్మ తిరిగొస్తూ.

గోపిక మచ్చ మందుకు లొంగింది. వెంట్రుకల్లోకి పాకలేదు. శ్రీశైలమ్మ మనవడు ఇంకా మాత్రలు మింగుతున్నాడు. జుట్టు వస్తుందో రాదో డాక్టరు చెప్పడం లేదు. వెండి మచ్చలతోనే ఎండలో నిలబడుతుంది. పెళ్లిళ్లకు పిలుపులు లేవు. దొడ్డి గేటుకు లోపలి నుంచి తాళం. పిల్లలు చువ్వల్లోంచి చేతులు చాపితే నాగేంద్రమ్మ కసురుతుంది. చాపేవాళ్లూ తగ్గిపోయారు.

నాకు మాత్రం ఇంకా తెగని ఆలోచన ఒకటుంది. ఊరేగింపులకు వెళ్లిన ఊళ్లలో ఎంతమంది పిల్లలు ఆ మెడను కరుచుకున్నారో ఎవరికీ తెలియదు.

మొన్న తొడుగులు వేసుకుని వెండికి మందు పూస్తూ నాగేంద్రమ్మ చెప్పిన పద్ధతినే నేను రోజూ పాటిస్తున్నాను. గోపికకు స్నానం చేయించి, ఒళ్లు ఆరేదాకా ఆగి, కిటికీ వెలుతురులో కూర్చోబెట్టి, చెవుల వెనక నుంచి నడినెత్తి దాకా వేళ్లు పోనిస్తాను. ప్రతిసారీ వేళ్లు ఎక్కడో ఒకచోట ఆగుతాయి.

"కంటితో చూసి బాగుందనుకోవద్దమ్మా," అంది ఆమె. "ఆరినాక, వెంట్రుకలకు ఎదురుగా చెయ్యి పెట్టి చూడు. గరుగ్గా తగిలిందంటే ఆ పొద్దే డాక్టరు దగ్గరికి ఎత్తుకపో."