పద్నాలుగో గడిలో మాట

ఫారాలక్కకు కుర్చీలో కూర్చోవడం చేతకాదు. పన్నెండేళ్లు యూనివర్సిటీ గేటు ఎదుట జిరాక్స్ షాపులో నిలబడి పనిచేసిన మనిషి. ఈ ఏడాది అదే యూనివర్సిటీ ఆమెకు ఒక పరిశోధన ఫెలోషిప్ ఇచ్చి, ఒక గది చూపించి, కూర్చోమంది. శరణార్థి విద్యార్థులు పైచదువుల దాకా ఎందుకు రాలేకపోతున్నారో తేల్చాలి. ఆమె గంటకు నాలుగుసార్లు లేచి వరండా చివరిదాకా వెళ్లొచ్చేది. లోతుగా ఆలోచిస్తోందని పక్క గదుల వాళ్లు అనుకునేవారు. ఆలోచనా పాడా, కాళ్లు ఊరుకోక.

ఆమె కూడా శరణార్థే. ఫార్మసీ రెండో సంవత్సరంలో ఉండగా దేశం వదిలింది, చదువు అక్కడితో ఆగింది. డిగ్రీ లేని మనిషికి ఫెలోషిప్ ఎలా వచ్చిందంటే, ప్రకటనలో ‘జీవితానుభవం గలవారు’ అని అడిగారు. నానా అవస్థలూ పడ్డవారు అనడానికి అది మర్యాద మాట. ఆ లెక్కన ఆమెను మించినవారు లేరు. షాపులో ఉన్నన్నాళ్లూ తనలాంటి పిల్లల అడ్మిషన్ ఫారాలన్నీ ఆమే నింపింది. ఆ పేరు అలా వచ్చిందే.

అయిదేళ్ల కిందట ఆమె సొంత అక్క, ఆ అక్క కూతురూ వచ్చి ఆమె ఇంట్లో చేరారు. అక్క కూతురు అక్కడ ఇంటర్ పూర్తిచేసిన పిల్ల, ఇక్కడ లాండ్రీలో ఇస్త్రీ చేస్తోంది. నర్సింగ్‌కు రెండేళ్లుగా దరఖాస్తు పెడుతోంది, ఉలుకూ పలుకూ లేదు. ఇది మూడోసారి. వయోపరిమితి ప్రకారం ఇదే ఆఖరుసారి కూడా.

ఆ రోజు ఫారాలక్క పాత నివేదికలు తిరగేస్తోంది. అన్నింటిలోనూ ఒకటే పాట: ‘ఈ విద్యార్థులు దరఖాస్తు చేస్తారు కాని అర్హత పరీక్షకు హాజరు కారు. ఆత్మవిశ్వాస లోపం.’ ఆత్మవిశ్వాసం మీద ఒకాయన ఏకంగా ఒక అధ్యాయమే రాశాడు. ఆమె మాత్రం పరీక్ష అన్నచోట ఆగిపోయింది. ఏ పరీక్ష? పన్నెండేళ్లలో ఒక్క పిల్లా పరీక్ష మాట ఎత్తలేదే! లేచి నేరుగా అడ్మిషన్ సెక్షన్‌కు వెళ్లింది.

“రండి స్కాలరమ్మా! ఇవాళ ఇటు గాలి మళ్లిందే?” అన్నాడు గుమాస్తా. షాపు రోజుల్లో ఆమెను ‘ఏమ్మా’ అనేవాడు.

“వేళాకోళం తర్వాత. పరీక్షకి రానివాళ్ల ఫైళ్లు ఉన్నాయా?”

ఆయన బీరువాలోంచి ఒక కట్ట దించి దుమ్ము దులిపాడు. పైన ‘ఎక్కడా చదవనివారు’ అని రాసుంది.

“ఎక్కడా చదవకపోవడమేంటండీ? వీళ్లంతా కాలేజీలు మధ్యలో వదిలొచ్చినవాళ్లు.”

“నన్నడిగితే ఎలాగమ్మా, వాళ్లే రాసుకున్నారు. పద్నాలుగో గడి చూడండి.”

పద్నాలుగో గడి బదిలీ పత్రానిది. అన్ని ఫారాల్లోనూ ఒకటే మాట, ‘వర్తించదు’. అన్నింటిలోనూ ఒకటే చేతిరాత. గుండ్రంగా, పొందికగా, జిరాక్స్‌లో కూడా చెదరని రాత. అది తనదే.

“టీసీ వర్తించదంటే ఏ కాలేజీలోనూ చేరలేదనేగా?” అన్నాడు గుమాస్తా. “అలాంటివాళ్లకి విడిగా పరీక్ష పెడతాం. నోటీసు బోర్డులో వేస్తాం. రాకపోతే ఫైలు మూసేస్తాం.”

“మరి చదివారు, కాగితం లేదు. వాళ్లేం రాయాలి?”

“లేదు అని రాయాలి. ‘లేదు’ అని రాస్తే పిలిచి మాట్లాడతాం, ఆర్నెల్లు గడువిస్తాం. రూల్లో ఉంది. ఇన్నేళ్లలో ఒక్కరూ రాయలేదు.”

ఎందుకు రాస్తారు? ఏ కిటికీ దగ్గర నిలబడ్డా ‘లేదు’, ‘లేదు’ అని విని విని చెవులు గింగురుమన్నవాళ్లు ఆ మాట సొంత చేత్తో రాసుకుంటారా? ఖాళీగా వదిలిన ఫారాలు వెనక్కొచ్చేవి. వర్తించదని రాసినవి వెనక్కి రాలేదు. ఉపాయం పారిందని అప్పట్లో ఆమె మురిసిపోయింది కూడా. కట్టలో నలభై మూడు ఫైళ్లున్నాయి. లోపం ఆత్మవిశ్వాసంలో ఏమీ లేదు.

“ఈ ఏడాదివి?” అంది.

“తొమ్మిదున్నాయి. దిద్దుకోవడానికి ఇవాళ అయిదింటి దాకా టైముంది. ఎవరిది వాళ్లే వచ్చి కారణం రాసి సంతకం పెట్టాలి.”

అప్పటికి మూడు దాటింది. ఆమె తొమ్మిది నంబర్లకూ వరండాలో నడుస్తూనే ఫోన్ చేసింది. అయిదుగురు వస్తామన్నారు. ఇద్దరు ఎత్తలేదు, ఒకరి ఫోన్ స్విచాఫ్. తొమ్మిదో నంబరు అక్క కూతురిది.

ఆ పిల్ల ఇస్త్రీ వేడికి ఎర్రబడ్డ చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. ఫారాలక్క చెప్పాల్సింది గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

“అంటే పోయిన రెండేళ్లూ?” అంది పిల్ల.

“అవీ నా రాతే.”

“నువ్వా పిన్నీ! నేను మొద్దుని కాబట్టే రాలేదని అమ్మ రోజూ దెప్పుతుంటే, పక్కనే కూర్చుని వింటూ ఉన్నావు కదా!”

“నాకూ తెలీదే తల్లీ. ఇవాళే తెలిసింది. ముందు సంతకం పెట్టు, తర్వాత ఎంత తిడతావో తిట్టు.”

“తిట్టడానిక్కూడా టైము నువ్వే పెడతావా?”

గుమాస్తా దిద్దుబాటు కాగితం ముందుకు తోశాడు. కారణం అన్నచోట ‘నింపినవారి పొరపాటు’ అని రాసింది పిల్ల. “నింపినవారితో సంబంధం కూడా రాయాలమ్మా” అన్నాడాయన. పిల్ల కలం మళ్లీ తీసుకుంది. ‘పిన్ని’ అని రాసి, సంతకం పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా షిఫ్టుకు వెళ్లిపోయింది.

అయిదింటికి కిటికీ మూసేసరికి దిద్దుకున్న ఫారాలు ఆరు. ఫెలోషిప్ పర్యవేక్షించే మేడం సంగతంతా విని, “నివేదికలో ‘సరైన మార్గదర్శకత్వం కొరవడింది’ అని రాస్తే సరిపోతుంది, మీ చేతిరాత సంగతెందుకు?” అంది, మంచిమాటే చెబుతున్నట్టు.

“కొరవడలేదు మేడం. పుష్కలంగా ఉంది. నేనే ఇచ్చాను” అని ఫారాలక్క, గుమాస్తాను అడిగి తెచ్చుకున్న పాత కట్ట చంకన పెట్టుకుని బయటికి నడిచింది.

ఆ నలభై మూడింటిలో అన్నిటికన్నా పాత ఫైలు తొమ్మిదేళ్లది. దాని మీది నంబరు ఇంకా పనిచేస్తోంది. అతనిప్పుడు లారీ నడుపుతున్నాడట. వెనక ఇంజను రొదలో అంతా విన్నాడు.

“ఇప్పుడా అక్కా చెప్పేది?”

“ఇప్పుడే తెలిసిందిరా. కోప్పడు. ఎంతసేపైనా కోప్పడు. ఫోన్ మాత్రం పెట్టెయ్యకు, నీ సంగతంతా నివేదికలోకి రాసుకోవాలి, నీతో అరగంట పనుంది.”