అన్నీ ముందే తెలిసిపోయే జబ్బు

మందుల షాపు మేడ మీద ఒక గది. అందులో రెండు కుర్చీలు, ఒక టిష్యూ డబ్బా, వచ్చినవాళ్ల వీపు వెనక గోడగడియారం. ఆ గదిలో కూర్చుని కౌన్సిలర్ మేడమ్ ఇరవై రెండేళ్లుగా జనం కష్టాలు వింటోంది. "కూర్చుని వినడానికి కూడా జీతమిస్తారా?" అని మొదట్లో మూతి విరిచిన అత్తగారు, తర్వాత తన మోకాళ్ల నొప్పుల సంగతి ఈవిడకే చెప్పుకునేది.

అలాంటి మనిషికి ఈమధ్య పని మీద మనసు విరిగిపోయింది. వచ్చినవాళ్లు నోరు తెరిచిన మూడో నిమిషానికే తర్వాత ఏమంటారో తెలిసిపోతోంది. అనుభవం అని అందరూ మెచ్చుకునే ఆ గుణమే ఆవిడ పాలిట జబ్బయి కూర్చుంది. చూసిన సినిమానే రోజుకు ఆరు ఆటలు చూడమంటే ఎవరికి మాత్రం ఓపిక ఉంటుంది? రాజీనామా ఉత్తరం రాసి, మడిచి, బ్యాగులో పెట్టుకుంది. గురువారం సాయంత్రం ఆ క్లినిక్ నడిపే పెద్ద డాక్టరుగారి చేతికి ఇవ్వడమే తరువాయి.

ఆ గురువారం చివరగా వచ్చింది లిఫ్టు మెకానిక్. ఆరు నెలల క్రితం ఆయన భార్య పోయింది. ఇక్కడికి రావడం ఇది ఐదోసారి. మెల్లగా మొదలుపెట్టాడు.

"ఆవిడ పోయినప్పట్నుంచీ ఇల్లంతా..."

"ఖాళీగా అనిపిస్తోంది," అంది మేడమ్, ఒక కన్ను గడియారం మీద వేసి.

"ఊఁ. అలాగే అనుకోండి."

ఇంకో పావుగంట అదే వరస. ఆయన మొదలుపెట్టడం, ఈవిడ పూర్తిచేయడం. టైము కాకముందే ఆయన లేచాడు.

"వచ్చే వారం నుంచి రానండి మేడమ్. కోపమేం లేదు. మీకన్నీ ముందే తెలుసు కదా, ఇంక నేను చెప్పడానికేం మిగల్లేదు."

ఆ మాటలో వెటకారం ఉన్నా బాగుండేది. పాపం, ఆయన నిజంగా మర్యాదకే అన్నాడు. మేడమ్‌కు చచ్చేంత సిగ్గేసింది.

"కాసేపు కూర్చోండి," అంది. "నాకేం తెలియదు. నేనే తొందరపడ్డాను. ఇల్లంతా ఎలా ఉంది?"

ఆయన కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. మేడమ్ నోరు కట్టేసుకుని ఆగింది.

"ఇరుగ్గా ఉందండి," అన్నాడు చివరికి.

ఇన్నేళ్లలో ఆ కుర్చీలో కూర్చుని ఎవరూ ఆ మాట అనలేదు.

"ఎటు కదిలినా ఏదో ఒకటి కాలికి తగులుతోంది. స్టూలు, బకెట్టు, బీరువా తలుపు. అవన్నీ ఎప్పుడూ ఉన్నవేనండి. నేనొచ్చే టైముకి ఆవిడ పక్కకి జరిపేసేదనుకుంటా. ఇరవయ్యేడేళ్లు నాకు దారి ఇచ్చింది. నాకు తెలియనే లేదు."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. మేడమ్ కూడా ఒక టిష్యూ లాక్కుంది.

"ఇక ఆ బీరువా సంగతి చెప్పాలంటే, అదో పెద్ద కథండి..."

మేడమ్ కుర్చీ ముందుకు జరుపుకుంది. కింద నుంచి వాచ్‌మన్ గేటు వేసేస్తున్నానని కేకేసేదాకా ఆవిడ గడియారం వైపు చూడలేదు.

ఇంటికి రాగానే భర్త అడిగాడు, "ఉత్తరం ఇచ్చేశావా? అయితే రేపట్నుంచి..."

అలవాటుగా మాట అందుకోబోయి ఆగింది. "ఊఁ, రేపట్నుంచి?"

పాతికేళ్ల కాపురంలో మొదటిసారి తన మాట తననే పూర్తి చేసుకోమనేసరికి ఆయన తికమకపడ్డాడు. "ఏమనబోయానో మర్చిపోయానే," అన్నాడు.

"గుర్తొచ్చాక చెప్పండి, వింటాను. ఉత్తరం మాత్రం ఇవ్వలేదు. వచ్చే గురువారం ఆయన మళ్లీ వస్తానన్నారు. బీరువా కథ సగంలో ఉంది."