కండ్లు తెరిపించే ప్లగిన్

ఎమ్మిగనూరు బస్టాండు ఎదుట ఫొటో స్టూడియో నడిపే యేసురత్నం కంప్యూటరులో ఉన్నది ఉచితంగా దొరికే ఫొటో సాఫ్ట్‌వేర్. మూసిన కండ్లు తెరిపించడానికి దానికి విడిగా ప్లగిన్ అనే చిన్న అదనపు ప్రోగ్రాం ఒకటి తగిలించుకోవాలి. అది ఏ ఫోల్డర్‌లో ఉండాలో ఆయనకు ఇప్పటికీ అంతుపట్టదు. అందుకని కనబడిన ప్రతి ఫోల్డర్‌లోనూ ఒక కాపీ పడేసి, మౌసును చొక్కాకు తుడిచి, ఊపిరి బిగబట్టి నొక్కుతాడు. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా అది పనిచేయడం మానేస్తుంది. ఎందుకో తెలియక బుర్ర గోక్కుంటూ మళ్లీ అన్నిచోట్లా వేస్తాడు.

ఆ రోజూ అదే అవస్థ. మగ్గం నేసే మల్లేశ్వరి ఎదురుగా కూర్చుని ఉంది. ఆమె భర్తకు వేరే ఫొటో లేదు. పోయాక కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి తీసిందొక్కటే. దానికి కండ్లు తెరిపించాలి. తంటాలు పడి ప్లగిన్ ఎక్కించి నొక్కితే, తెరమీద ఆ మనిషి కండ్లు తెరిచి చూశాడు. మల్లేశ్వరి చప్పున లేచి, పరాయి మగవాడి ముందున్నట్టు కొంగు నిండా కప్పుకుంది.

"ఈయప్ప ఎవురన్నా?" అంది.

"తప్పు ఫోల్డర్లో పడినట్టుంది, ఉండమ్మా," అంటూ యేసురత్నం కంగారుగా అన్నీ తీసేసి, మొదటినుంచి ఎక్కించబోయాడు.

"వద్దులేన్నా. మూసిన కండ్లతోనే ఇయ్యి. మధ్యాన్నం మగ్గం కాడ ఇట్లనే కునుకు తీస్తాండేటోడు."