రాయి కొరికే మేడం

షిఫ్టు దిగి పాల్వంచ బస్టాండులో కూలబడ్డాను, కొత్తగా కొన్న సెల్‌ఫోన్ మోగింది. మా జియాలజీ మేడం ఇక లేరని ఆమె చెల్లెలు చెప్పింది. ఏడుపు రాలేదు. ఒంట్లో అంత ఓపిక లేదు. లేచి, ఆమె ఉండే ఖమ్మానికి బస్సెక్కాను.

మీరు నమ్ముతారో లేదో, మేడం రాళ్ళు కొరికేవారు. భద్రాచలం అడవి అంచున మమ్మల్ని వాగుల వెంట తిప్పుతూ, ఎప్పటిదో బురద గట్టిపడి రాయైన షేల్ ముక్కను ముందుపళ్ళ మధ్య పెట్టుకునేవారు. "మెత్తగ జారితే లోతు నీళ్ళల్ల దిగిన బురద. కరకరమంటే ఒడ్డు దగ్గరిది. మిషన్లు తర్వాత, ముందు పన్ను చెప్తది" అనేవారు. ఒకసారి కోయగూడెం పెద్దాయన చూసి, "ఏంది బిడ్డా, మీ మేడంకు ఇంట్ల బువ్వ పెడ్తలేరా?" అని నన్నడిగాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆవిడే. ఆయనింట్లో అంబలి తాగి మరీ కదిలారు.

ఆ బురద ఏ కొండ అరిగితే వచ్చిందన్నది ఆమెకు జీవితకాలపు పట్టింపు. ఖమ్మం వైపు గ్రానైటు గుట్టలదేనని ప్రతి బ్యాచికీ చెప్పారు. కాదన్నవాళ్ళతో మాటలు మానేశారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని వెనకాల మేమూ అనుకునేవాళ్ళం. అయినా ఇవాళ నేను ల్యాబులో పనిచేసి నాలుగు మెతుకులు తింటున్నానంటే ఆవిడ చలవే.

మేడం పళ్ళన్నీ ఊడి, మంచాన పడ్డాక, ఆమె దాచుకున్న ముక్కల్ని పొడి చేసి నేను పరీక్ష పెట్టాను. గ్రానైటు అరిగిన బురదైతే థోరియం ఎక్కువుండాలి. ఇందులో క్రోమియం, నికెల్ దండిగా ఉన్నాయి. అవి గ్రానైటు నుంచి కాదు, బసాల్టు లాంటి నల్లరాతి నుంచి వచ్చేవి. మొన్న ఆ ఫలితం చెబుదామని దవాఖానాకు వెళితే, గది బయటే మేడం చెల్లెలు సంగతి విని నా చెయ్యి పట్టుకుంది.

"అక్క ఎక్కువ రోజులుండదు. ఆమె అన్నదే నిజమని చెప్పు తల్లీ. నీ సొమ్మేం పోతది?"

అలాగే చెబుదామని లోపలికెళ్ళాను.

"గ్రానైటేనా?" అన్నారు మేడం.

ఆ ముఖం చూస్తూ అబద్ధమాడటం నావల్ల కాలేదు. "నల్లరాయే ఎక్కువ మేడం."

గోడవైపు తిరిగారు. "అయితే ఇన్నేండ్లు పిల్లలకు తప్పు చెప్పిన" అన్నారు. తర్వాత దిండు కింద నుంచి ఒక ముక్క తీశారు. "ఇది ఇంకా చూడలే. నాకు పండ్లు లేవు, నువ్వు కొరుకు. మల్ల మొదటి నుంచి చెయ్యాలె, జల్దీ." అంతలో నర్సు వచ్చి నన్ను పంపేసింది. "ఆదివారం వచ్చి చెప్పు" అని వెనక నుంచి అన్నారు.

ఆదివారం ఇంకా రాలేదు. ముక్క సంచిలో టిఫిన్ డబ్బా పక్కనే ఉంది. బస్సు కదిలాక తీసి కొరికాను. కరకరమంది. ఒడ్డు దగ్గరిదే మేడం అని చెప్పడానికి ఇక ఎవరూ లేరు.

పక్క సీటు ముసలమ్మ నన్నే చూస్తోంది. "ఏం తింటున్నవ్ బిడ్డా?"

"రాయి, అవ్వా."

ఆమె కొంగుముడి విప్పి గుప్పెడు పల్లీలు నా చేతిలో పోసింది. "ఆకలైతే గివ్వి తినరాదు" అంది.

అప్పుడొచ్చింది ఏడుపు. నోట్లో రాతిపొడి, గుప్పిట్లో పల్లీలు. ఖమ్మం వచ్చేదాకా పొడిని ఉమ్మలేదు, పల్లీలు తినలేదు.